కరెంటు పోయాక మిగిలే పాట

హుద్‌హుద్ చీకట్లో మేడ మీద విన్న గిటారు, మెక్సికో రేవు నుంచి ఓడలో వచ్చిన ఒక సీడీ, సింధియాలో ఓడలు కట్టిన మనిషి గొంతు: విశాఖ నుంచి ఒక ఆల్బమ్ కథ

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు మా ఇంటికి పేపరు రాలేదు. తెల్లవారుజాము నుంచే గాలి ఊళపెట్టడం మొదలైంది. మధ్యాహ్నానికల్లా హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదుగానే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. కైలాసగిరి మీది పచ్చదనమంతా ఒక్క పూటలో మాడిపోయినట్టు గోధుమరంగుకి తిరిగింది. ఆ తర్వాతి రోజుల సంగతి ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, ట్యాంకులోకి నీళ్లెక్కవు, ఫోన్లు పలకవు, పాల ప్యాకెట్టు కోసం బారులు.

మూడో రాత్రి మా అపార్ట్‌మెంటు వాళ్లమంతా మేడ మీదకి చేరాం. ఎదురు ఫ్లాట్లో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఒకడుండేవాడు. ఎలక్ట్రిక్ గిటారు, పక్కన పెట్టెంత యాంప్లిఫయరు. సాయంత్రమైతే ఆ మోతకి మెట్ల మీద నడిచేవాళ్లు చెవులు మూసుకునేవారు. ఆ రాత్రి యాంప్లిఫయరు మూగబోయింది. వాడు అటక మీద నుంచి పాత చెక్క గిటారు దింపాడు. దానికి ఒక తీగ లేనే లేదు. ఉన్న అయిదింటితోనే రెండు మూడు సినిమా పాటలు వాయించాడు. అందరం గొంతు కలిపాం. కాసేపటికి కింది అంతస్తు మామ్మగారు, గజపతినగరం వైపు ఆవిడ, ఎవరూ అడక్కుండానే ఉడుపుల పాట ఒకటి ఎత్తుకున్నారు. ఎనభై దాటిన గొంతు. కుర్రాడు వాయించడం ఆపేశాడు. చెవి ఆవిడ వైపు వంచి, ఒక్కో తీగా మీటి చూస్తూ ఆ పాట ఏ స్వరం మీద నిలబడిందో వెతికాడు. దొరికాక, "మామ్మా, మళ్లీ మొదట్నుంచి" అన్నాడు.

ఆ చీకట్లో నాకు ఠక్కున గుర్తొచ్చింది మా బావ ఇచ్చిన సీడీ.

రేవు పాట

మా బావ మర్చంట్ నేవీలో ఇంజిన్ రూమ్ మనిషి. విశాఖలో ఇలాంటి బావలు, బాబాయిలు లేని వీధి ఉండదేమో. ఆరు నెలలు ఓడ మీద, మూడు నెలలు ఇంటి మీద. ఒకసారి మెక్సికో పడమటి తీరంలోని మన్సానియో రేవులో సరుకు దిగేలోపు బయటికెళ్లి, దుకాణంలో మోగుతున్న పాట నచ్చి ఆ సీడీ కొనుక్కొచ్చాడు. నా చేతిలో పెట్టి ఇలా అన్నాడు: "మాటలు నాకూ తెలీవురా. అందులో ఒకటి రేవు పాటట. మా ఓడలో చిలీ కుర్రోడు అర్థం సెప్పినాడు. అది ఇను. మనోళ్ల గోలే."

ఆ ఆల్బమ్ పేరు ‘ఎంటీవీ అన్‌ప్లగ్డ్’. మెక్సికోలోని గ్వాదలహారా నగరానికి చెందిన ‘మనా’ అనే రాక్ బృందానిది. 1999లో మయామీలో శ్రోతల ఎదుట ఎలక్ట్రిక్ గిటార్లు పక్కన పెట్టి వాయించి రికార్డు చేశారు, అదే ఏడాది విడుదల చేశారు. పాడేది ఫెర్ ఓల్వెరా. డ్రమ్స్ అలెక్స్ గొన్సాలెస్, గిటారు సెర్హియో వయ్యీన్, బాస్ హువాన్ కయ్యెరోస్. అప్పటికే ఆ బృందం లాటిన్ అమెరికా అంతటా ఇంటింటి పేరు. 1992లో వాళ్లు తెచ్చిన ఆల్బమ్ పేరుకి అర్థం ‘పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు’ అని.

బావ చెప్పిన పాట ‘ఎన్ ఎల్ ముయెయె దె సాన్ బ్లాస్’, అంటే సాన్ బ్లాస్ రేవులో అని. సాన్ బ్లాస్ పసిఫిక్ ఒడ్డున చిన్న ఊరు. 1768లో స్పెయిన్ వాళ్లు అక్కడ నౌకా స్థావరం పెట్టారు. పాటలో ఒక స్త్రీ రేవులో తన వాణ్ని ఓడ ఎక్కిస్తుంది. తిరిగొస్తానని అతను మాటిస్తాడు. వచ్చినప్పుడు గుర్తుపట్టడంలో పొరపాటు జరగకూడదని ఆమె రోజూ అదే బట్టలు కట్టుకుని రేవుకి వస్తుంది. ఏళ్లు గడుస్తాయి. జుట్టు నెరుస్తుంది. ఊరు ఆమెని పిచ్చిదంటుంది. పిచ్చాసుపత్రికి పంపాలని చూస్తారు, సముద్రం దగ్గర్నుంచి మాత్రం ఎవరూ కదల్చలేకపోతారు. ఇది నిజంగా బతికిన ఒక మనిషి కథ విని కట్టిన పాట.

ఆ పాట మొదట 1997లో ‘సువెన్యోస్ లికిదోస్’ ఆల్బమ్‌లో వచ్చింది. స్టూడియోలో చేసినది బాగానే ఉంటుంది. కానీ 1999 నాటి రికార్డింగులో ఏదో జరిగింది. మధ్యలో వాయిద్యాలు తగ్గిన చోట గాయకుడు ఊపిరి పీల్చడం వినబడుతుంది. వేళ్లు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి జారినప్పుడు తీగ కీచుమంటుంది. శ్రోతలు గొంతు కలుపుతారు. వాళ్లు పాడుతున్నది తమ ఇంటి మనిషి గురించే అన్నట్టుంటుంది. భాష రాని నాకు అర్థమైంది ఆ గొంతులే. ‘మనోళ్ల గోలే’ అని బావ అన్నది ఇందుకే.

మనోళ్ల గోల ఎలాంటిదో మనకి తెలుసు. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో చేపల వేటకెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్లకి చిక్కారు. ఇరవై మంది విడుదలై వాఘా సరిహద్దు దాటింది 2020 జనవరి 6న. మధ్యలో పదమూడు నెలలకి పైగా, శ్రీకాకుళం ఒడ్డున వాళ్ల భార్యలు, తల్లులు ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఎదురుచూశారు. 2025లో ‘తండేల్’ సినిమాతో ఆ కథ అందరికీ తెలిసింది అనుకుంటాం గానీ, ఒడ్డున కూర్చున్నవాళ్ల కథ ఏ ఒక్క సినిమాతోనూ పూర్తి కాదు. తండేల్ అంటే బోటుని నడిపించే పెద్ద. వేట నుంచి బోటు రావడం ఆలస్యమైతే ఫిషింగ్ హార్బర్‌లో నిలబడే ఆడవాళ్ల ముఖాలు నేను చిన్నప్పట్నుంచీ చూశాను. సాన్ బ్లాస్ పాట విన్నప్పుడల్లా ఆ ముఖాలే కనబడతాయి.

కరెంటు తీగ తీస్తే ఏం మారుతుంది

అన్‌ప్లగ్డ్ అంటే ప్లగ్గు పీకేసిన పాట. ఎంటీవీ ఈ పేరుతో కార్యక్రమం మొదలుపెట్టింది 1989లో. 1992లో ఎరిక్ క్లాప్టన్ ఆల్బమ్‌తో ప్రపంచమంతా పాకింది. స్పానిష్ పాటకి ఆ వేదిక దక్కాక 1994లో అర్జెంటీనా నుంచి లాస్ ఫాబులోసోస్ కాడిలాక్స్, మరుసటి ఏడు మెక్సికో నుంచి కఫే తకూబా వచ్చారు. కఫే తకూబా కచేరీ ఆల్బమ్‌గా బయటికి రావడానికి పదేళ్లు పట్టింది, 2005లో గానీ రాలేదు. 1996లో సోదా స్టీరియో వాళ్లు పూర్తిగా ప్లగ్గు పీకడానికి ఒప్పుకోలేదు. కొన్ని కరెంటు వాయిద్యాలు ఉంచుకునే వాయించారు. వాళ్ల పట్టుదల మీద నాకు గౌరవమే ఉంది.

ఎలక్ట్రిక్ గిటారులో తీగ మీటితే అయస్కాంతపు పికప్ ఆ కదలికని కరెంటుగా మారుస్తుంది, యాంప్లిఫయరు పెంచుతుంది. స్వరాన్ని కావాలంటే చాలాసేపు సాగదీయొచ్చు, గరుకు చేయొచ్చు, గోడలా నిలబెట్టొచ్చు. చెక్క గిటారులో మీటిన స్వరం కొన్ని సెకన్లలో సన్నగిల్లిపోతుంది. గోడ కట్టడానికి వీల్లేదు. అందుకని అదే పాటని మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలి. సన్నగిల్లిన చోట రెండో గిటారు అందుకోవాలి, తాళవాద్యం ఖాళీ పూడ్చాలి, లేదా ధైర్యంగా ఖాళీని ఖాళీగా వదిలేయాలి. మైకులుంటాయి, రికార్డింగ్ యంత్రాలుంటాయి. లేనిది దాక్కోడానికి చోటు. పాటలో సత్తా లేకపోతే అక్కడ తెలిసిపోతుంది.

మనకి ఇదేమీ వింత కాదు, త్యాగరాజస్వామి కాలం నుంచీ కచేరీ అంటేనే ఇది అనేవాళ్లుంటారు. నిజమే, కానీ ఇందులో కరెంటు తప్పు ఏమీ లేదు. పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. మామూలు మాండొలిన్‌లో స్వరం టక్కున ఆగిపోతుంది, గమకం నిలవదు. ఆయన దాన్ని ఎలక్ట్రిక్ చేసి కర్ణాటక సంగీతాన్ని పలికించాడు. పాటకి ఏది అవసరమో అది చేశాడు. మనా వాళ్లూ అంతే. ఆ రాత్రికి వాళ్ల పాటలకి అవసరమైంది నిశ్శబ్దం.

ఇంకో పని కూడా చేశారు. తమ హిట్లు మాత్రమే పాడి ఊరుకోకుండా మూడు పరాయి పాటలు పెట్టుకున్నారు. హువాన్ గబ్రియేల్‌ది ఒకటి. హోసె అల్ఫ్రెదో హిమేనెస్‌ది ఒకటి. ఆయన మెక్సికో పల్లెపాటల పెద్ద. ఏ వాయిద్యమూ నేర్చుకోలేదు, బాణీ తలలో కట్టుకుని పాడి వినిపించేవాడు. మూడోది పనామా గాయకుడు రూబెన్ బ్లేదెస్ 1984 ఆల్బమ్‌లోది, ‘దెసపరిసియోనెస్’. సైనిక పాలనల్లో మాయమైపోయిన మనుషుల కోసం ఇంటివాళ్లు వీధివీధీ తిరిగి అడగడమే ఆ పాట. రాక్ బృందం తన తాతల పాటనీ, తన ఖండపు గాయాన్నీ ఒకే రాత్రి ఒకే చెక్క గిటారు మీద పెట్టింది. ఆ ఆల్బమ్ నాకు అన్నిటికన్నా ఎక్కువ నచ్చింది ఇందుకే.

   

ఓడ కట్టిన చెక్కముక్క

చెక్క గిటారు సంగతి వచ్చింది కాబట్టి, ఓడల దగ్గర పుట్టిన చెక్క వాయిద్యాల మాట కూడా. క్యూబా సంగీతంలో క్లావేస్ అని ఒక వాయిద్యం. జానెడు పొడుగున్న రెండు గట్టి చెక్క కడ్డీలు. ఒకదాన్ని అరచేతి గూట్లో పెట్టుకుని రెండోదాంతో కొడతారు. టక్ టక్ మనే ఆ చప్పుడే కరీబియన్ పాటకి వెన్నెముక. పదహారు మాత్రల్లో అయిదే దెబ్బలు: మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు మాత్రల ఎడంతో. మన మిశ్రచాపు తెలిసిన చెవికి ఈ ఎగుడుదిగుడు నడక వెంటనే పట్టుబడుతుంది. ఆ కడ్డీలు ఎక్కడివో క్యూబా పండితుడు ఫెర్నాందో ఓర్తిస్ 1930లలో రాశాడు: హవానా ఓడల కార్ఖానాలో పలకల్ని బిగించే గట్టి చెక్క మేకులవి. ఉప్పునీటికి ఇనుము తుప్పు పడుతుంది, అందుకని చెక్క మేకులు వాడేవారు. ఆ కార్ఖానా మామూలుది కాదు. 1769లో స్పెయిన్ నౌకాదళపు మహానౌక ‘సాంతీసిమా త్రినిదాద్’ అక్కడే నీళ్లలోకి దిగింది. అక్కడి కూలీలు, వాళ్లలో చాలామంది ఆఫ్రికా మూలాల వాళ్లు, మేకు మీద మేకు కొట్టి తాళం పట్టారట.

పెరూ దేశంలో కహోన్ కూడా అలాంటిదే. ఇవాళ విశాఖ కేఫుల్లో గిటారు పక్కన కుర్రాళ్లు కూర్చుని వాయించే చెక్కపెట్టె అదే. బానిసల చేతుల్లోంచి డోళ్లు లాగేసుకుంటే, వాళ్లు సరుకు పెట్టెల మీద వాయించారని చెబుతారు.

ఓడలు కట్టేచోట పాట పుట్టడం మనకి కొత్త సంగతేం కాదు. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ పేరుతో ఇక్కడ షిప్‌యార్డు మొదలుపెట్టారు. 1948 మార్చిలో నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ నీళ్లలోకి దిగింది. ఆ కంపెనీ పోయి హిందుస్థాన్ షిప్‌యార్డు అయి దశాబ్దాలైనా ఆ చోటు మనకింకా సింధియాయే, బస్సు బోర్డుల మీద కూడా. ఆ షిప్‌యార్డులో పనిచేసిన ఒక మనిషి పేరు వంగపండు ప్రసాదరావు.

పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టారు. 1972లో జననాట్యమండలి అనే విప్లవ కళాబృందాన్ని నిలబెట్టినవాళ్లలో ఒకరు. కాళ్లకి గజ్జెలు, చేతిలో తాళవాద్యం, పక్కన ఒకరిద్దరు వంతపాడేవాళ్లు. అంతే సరంజామా. ఉత్తరాంధ్ర యాసలో వందల పాటలు కట్టారు. యంత్రం ఎవరి చెమటతో తిరుగుతుందో చెప్పే ఆయన పాట కార్మికులు తిరిగే ప్రతిచోటా మోగింది. 1986లో ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’తో ఆయన పాట తెరకెక్కి మారుమూల పల్లెకీ చేరింది. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివాళ్లు కూడా ఆ పాటలకి కాలు కదిపినవాళ్లే.

ఆయన పాట ఎదురుగా కూర్చుని విన్నవాడిగా చెబుతున్నాను. పాట మొదలయ్యే ముందు గజ్జెలు రెండడుగులు వేస్తాయి. ఆ రెండడుగుల్లోనే తాళం, కాలం, ఆ రోజు గొంతు ఏ స్థాయిలో ఉందో అన్నీ తేలిపోతాయి. మైకు పనిచేయకపోయినా ఆగేది కాదు. కాంక్రీటు మైదానమైతే ఒకలా, మట్టి నేలయితే ఒకలా గజ్జె పలికేది. మనా వాళ్లు 1999లో ఒక రాత్రికి ఒప్పుకున్న క్రమశిక్షణలో వంగపండు జీవితమంతా బతికారు. తేడా ఒక్కటే. వాళ్ల రాత్రిని మంచి మైకులతో, శ్రద్ధ ఉన్న ఇంజినీర్లతో, ప్రతి ఊపిరీ దొరికేలా పట్టి భద్రపరిచారు. ఇక్కడ మనకి మిగిలినవి సభల్లో ఎవరో టేపులో పట్టిన పాటలు, సినిమా వాద్యబృందం మధ్యలో వినబడే పాటలు, ఫోనుల్లో తీసిన వణికే వీడియోలు.

పాటని అలా భద్రపరిచే పని చేయడానికి ఈ ఊరికి ఏం తక్కువ? 1933లో రేవు తెరిచినప్పట్నుంచీ ప్రపంచపు వాయిద్యాలన్నీ దగ్గరిదగ్గరగా ఈ ఒడ్డుకి వచ్చాయి. ఫిడేలు కూడా ఒకప్పుడు ఓడెక్కి వచ్చిన పరాయిదే. విశాఖలో పెరిగి విజయనగరంలో వెలిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాన్ని తెలుగు ఇంటి ఆడపడుచుని చేశారు. ఉక్కు సంగతి సరే సరి. ముప్ఫై రెండు ప్రాణాలు పోసి తెచ్చుకున్న కర్మాగారం ఇది. అందులో వైర్ రాడ్ మిల్లు ఉంది. ఎర్రగా కాలిన బిల్లెట్టు ఒక కొసన వెళ్లి, ఇంకో కొసన కడ్డీ చుట్టలై పడుతుంటే చూసినవాళ్లు మర్చిపోలేరు. ప్రపంచంలో ఎక్కడైనా గిటారు ఉక్కు తీగ మొదలయ్యేది అలాంటి కడ్డీతోనే. డైలనే సన్న కన్నాల్లోంచి లాగి లాగి, అన్నిటికన్నా సన్న తీగని మిల్లీమీటరులో దాదాపు మూడో వంతు మందానికి తెస్తారు. ఆరు తీగలూ బిగిస్తే గిటారు మెడ మీద పడే లాగుడు సుమారు 70 కిలోలు, ఒక మనిషి బరువు. చేత్తో మీటేది అంత బిగువుని.

ఇక వాయిద్యాలు. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ల వాళ్లు రొమ్ము మీద రేకు తప్పెట కట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఎగురుతుంటే ఆ రేకు చప్పుడు గుండెలోంచి వస్తున్నట్టే ఉంటుంది. జముకుల కథలో జముకు ఉంది. బుంగలాంటి డొల్లకి ఒక వైపు తోలు, తోలు మధ్యనుంచి ఒక నరం. నరాన్ని బిగించి వదులుతూ మీటితే స్వరం సాగి వంగుతుంది, ఎవరో మూలుగుతున్నట్టు. దాన్ని మొదటిసారి విన్న మా బావ, లోకమంతా తిరిగొచ్చిన మనిషి, "ఇది ఏ దేశందిరా?" అన్నాడు. అరకులో థింసా ఉంది. హార్బర్‌లో వల లాగేటప్పుడు జాలరుల పిలుపూ, దానికి బదులూ ఉన్నాయి. మోటారు బోట్లు వచ్చాక ఆ పిలుపులు తగ్గిపోయాయి.

నేను అడిగేది ఒక్కటే. వీటన్నిటినీ ఫ్యూజన్ పేరుతో కీబోర్డు కింద పూడ్చేయకుండా, ఒక రాత్రి, వంద మంది శ్రోతల ఎదుట, మంచి మైకులు పెట్టి, చెక్క గిటారు పక్కన జముకుని, తప్పెట పక్కన కహోన్‌ని కూర్చోబెట్టి రికార్డు చేయాలి. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు చేసినా, రేవు వాళ్లు చేసినా, కేఫులో పాడే కుర్రాళ్లే చందాలేసుకుని చేసినా ఫరవాలేదు. పాడేవాళ్ల పేర్లు సరిగ్గా రాయాలి, డబ్బు సరిగ్గా ఇవ్వాలి. మనా వాళ్లు హోసె అల్ఫ్రెదో పాట ముందు తలవంచినట్టు, మన కుర్రాళ్లు వంగపండు పాట ముందు, పేరే తెలియని ఉడుపుల పాట ముందు తలవంచాలి. ఇప్పుడే కావాలి అనడానికి నా దగ్గర ఒక కారణం ఉంది.

హుద్‌హుద్ మూడో రాత్రి మేడ మీద మామ్మగారు ఆ పాట రెండోసారి పాడారు, మూడోసారీ పాడారు. కుర్రాడి గిటారు మూడోసారికి ఆవిడతో సరిగ్గా కలిసింది. అయిదు తీగల మీద అంత అందమైన పాట నేను వినలేదు. ఎవరి ఫోనులోనూ చార్జింగ్ లేదు. పట్టుకున్నవాళ్లెవరూ లేరు. మూడేళ్లకి మామ్మగారు పోయారు. కుర్రాడు ఇప్పుడు పుణేలో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మేడ మీద గిటారు తీస్తాడు, దానికి ఇప్పుడు ఆరు తీగలూ ఉన్నాయి. బాణీ మొత్తం వాడి వేళ్లకి గుర్తుంది. మాటలు మాత్రం మొదటి చరణం వరకే వచ్చి ఆగిపోతాయి. అక్కణ్నుంచి వాడు వాయిస్తూనే ఉంటాడు, మేం చుట్టూ కూర్చుని తరవాతి మాట కోసం వెతుక్కుంటూ ఉంటాం.